షోరూమ్ మీద కోపంతో బండి అమ్మేయకండి

తిరుపతి కొర్లగుంట నుంచి ఒకాయన రాశారు. 2022లో చిన్న డీజిల్ ఎస్‌యూవీ కొన్నారు. ఈ ఏడాదిలోనే నాలుగుసార్లు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగింది, వెళ్ళినప్పుడల్లా క్లీనింగ్ అంటూ బిల్లు వేశారు, మొత్తం 38 వేలు వదిలింది. విసుగొచ్చి అదే షోరూమ్‌లో అడిగితే ఎక్స్చేంజ్‌లో 4.8 లక్షలు ఇస్తామన్నారట, కొత్తది ఆన్‌రోడ్ 12.75 లక్షలు. పాత లోన్ నెలకు 16,500 చొప్పున ఇంకా 20 నెలలుంది. మార్చేయమంటారా అని అడుగుతున్నారు.

వద్దండీ, ఇప్పుడు మార్చొద్దు.

ఆ 4.8 లక్షల్లో పాత లోన్ క్లోజ్ చేయడానికే 3 లక్షల పైన పోతుంది, చేతిలో మిగిలేది 1.75 లక్షలు, అంటే కొత్తగా 11 లక్షల లోన్. తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్ళు పెట్టుకుంటే నెలకు దాదాపు 18 వేలు, వడ్డీ ఒక్కటే 4 లక్షలు దాటుతుంది. మీ రిపేర్ ఖర్చు సగటున నెలకు 3,200 అయితే ఆ వడ్డీ నెలకు 4,900 దగ్గర పడుతుంది. పైగా 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగాక కొత్త బండ్లే చవకయ్యాయి, పాతవాటికి మంచి రేటు రావడం కష్టం.

ఇంకో మాట. ఇంటి నుంచి షాపుకు 3 కిలోమీటర్లు, నెలకోసారి కొండకు, అంతే నడుపుతానని మీరే రాశారు. డీపీఎఫ్ బాగా వేడెక్కితేనే అందులో పట్టిన మసి కాలిపోతుంది. ఊళ్ళో ఆగి ఆగి వెళ్ళే బండిలో ఆ వేడి రాదు, ఘాట్‌లో ఎక్కేటప్పుడు వేడెక్కినా దిగేటప్పుడు ఇంజన్ మీద లోడే ఉండదు. ఈ వాడకానికి మళ్ళీ డీజిలే కొంటే ఇదే కథ. ఈ సంగతి నాలుగుసార్లలో ఒక్కసారైనా మీకు చెప్పాల్సింది సర్వీస్ వాళ్ళే, చెప్పకుండా బిల్లు వేయడం నాకూ కోపం తెప్పించింది.

మీరు పంపిన జాబ్ కార్డులు, అదే బండి సర్వీస్‌కు ఇచ్చినప్పుడు వాళ్ళు రాసే కాగితాలు, చూశాను. రెండింటిలో సమస్య అని ఉన్నచోట "జనరల్ చెకప్" అని రాసుంది, కింద మీ సంతకం! నా బండికి ఏసీ విషయంలో అచ్చం ఇలాగే జరిగింది, మూడుసార్లు తిరిగినా కాగితం మీద కంప్లైంటే లేదు, అడగడానికి ఆధారం లేక 22 వేలు నేనే కట్టుకున్నాను. ఇకమీద మీరు చెప్పింది చెప్పినట్టు రాయించి, కిలోమీటర్ల రీడింగ్ చూసుకుని, ఫోటో తీసుకున్నాకే సంతకం పెట్టండి. పాత బిల్లులన్నీ జత చేసి కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి, పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలంటే సమస్య మొదలైన రెండేళ్ళలోపు, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు.

నెలకు 3 వేలు బండి కోసం ఆర్‌డీ కట్టండి. 20 నెలల తర్వాత ఆ 16,500 కూడా అందులోకే మళ్ళిస్తే ఏడాదికి 2 లక్షల పైనే చేరుతుంది, అప్పుడు పెట్రోల్ బండి చూద్దాం.

ఈలోగా లైటు కొత్తగా వెలిగితే, మాన్యువల్‌లో ఏముందో చదివి, చంద్రగిరి దాటి హైవే మీద ఇరవై నిమిషాలు ఆగకుండా నడపండి. ఇంజన్ లైటు కూడా వెలిగితే మాత్రం నడపొద్దు, టోయింగ్ పిలవండి. ఆరిందో లేదో నాకు రాయండి.