ఖడ్గమృగం కనబడాలంటే ఏ నెలలో వెళ్ళాలి?

ప్రశ్న: డిసెంబరు చివరి వారంలో బెంగళూరు నుంచి కాజీరంగా వెళ్దామనుకుంటున్నాం. నాలుగు రోజులే సెలవు. ఆరేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు కూడా వస్తారు. ఏనుగు సఫారీ మంచిదా, జీపా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ముందు నెల సంగతి చూద్దాం. వానాకాలంలో పార్కు మూసేసి, వరదలు తగ్గి దారులు ఆరాక తెరుస్తారు. డిసెంబరులో ఏనుగు గడ్డి ఇంకా మనిషిని మించి ఉంటుంది. దారి పక్కనే మేస్తున్న ఖడ్గమృగానికి వీపు తప్ప ఏమీ కనబడకపోవచ్చు. జనవరి, ఫిబ్రవరిలో అటవీ సిబ్బంది ఆ గడ్డి తగలబెడతారు. తర్వాత మొలిచే లేత చిగుళ్ళ కోసం జంతువులు బయటికొస్తాయి. కాబట్టి ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వెళ్తే మేలు. (బడి పరీక్షల గొడవ ఉంటుందని తెలుసు, అయినా చెప్పక తప్పదు.) డిసెంబరే ఖాయమైతే ఒక సఫారీ బాగోరి (పార్కు పడమటి భాగం) వైపు, ఇంకోటి కోహోరా (మధ్య భాగం) వైపు పెట్టుకోండి. బాగోరిలో ఖడ్గమృగాలు బాగా కనిపిస్తాయి, జీపుల రద్దీ కూడా అంతే. ప్రశాంతంగా పక్షులను చూడాలనుకుంటే తూర్పు భాగమైన అగరతోలి. క్రిస్మస్ వారం కనుక జీపు, గది ముందే ఖాయం చేసుకోండి.

మీ అత్తగారికి ఏనుగు సఫారీ వద్దు. మెట్ల మంచె ఎక్కాలి, కాళ్ళు చెరోవైపు వేసి అంబారీలో కూర్చోవాలి. జీపులోనూ వెనక చక్రాల మీది సీటుకు కుదుపు ఎక్కువ, ఆవిడను ముందు వరసలో కూర్చోబెట్టండి. ఎక్కడానికి చిన్న పీట అడిగి పెట్టించుకోండి. పొద్దున్న ఓపెన్ జీపులో చలిగాలి బెంగళూరు డిసెంబరును మరిపిస్తుంది. బాబుకు చెవులు మూసే టోపీ తప్పనిసరి, మధ్యాహ్నం దుమ్ముకు అందరికీ రుమాలు.

గువాహటి విమానాశ్రయం నుంచి కోహోరాకు సుమారు అయిదు గంటల ప్రయాణం. దిగిన రోజే సఫారీ పెట్టుకుంటే పరుగే మిగులుతుంది. శీతాకాలంలో అక్కడ నాలుగున్నరకే పొద్దు వాలుతుంది. జోర్హాట్ విమానాశ్రయమైతే ఇంకా దగ్గర, సుమారు 97 కిలోమీటర్లే, కానీ అక్కడికి సాధారణంగా విమానం మారాలి. అంత తిరగలేమనుకుంటే గువాహటికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని పొబితొరా అభయారణ్యం చాలు. 2022 లెక్కలో అక్కడ 107 ఖడ్గమృగాలు తేలాయి, కాజీరంగాలో 2,613.

ఖడ్గమృగం దారికి అడ్డొస్తే డ్రైవరు ఆగుతాడు, తొందరపెట్టకండి. దానికి చూపు మందం, వాసన, వినికిడి పదును. బాబు అరిస్తే తలెత్తుతుంది. పిల్లతో ఉన్న తల్లి మరీ ప్రమాదం. మన ఖడ్గమృగం ఎక్కువగా కొమ్ముతో కుమ్మదు, కింది దవడలోని పదునైన ముందుపళ్ళతో చీరుతుంది. దారి పక్కన పేడ గుట్టలు కనిపిస్తే కళ్ళు తిప్పకండి: ఖడ్గమృగాలు పేడ వేయడానికి పదేపదే అక్కడికే వస్తాయి.

ప్రశ్న: కొమ్ము కోసమే చంపుతారు కదా, ముందే కోసేస్తే?
– ఒక పాఠకుడు, విజయనగర

జవాబు: కొమ్ము గోరులాంటి కెరటిన్, కోస్తే మళ్ళీ పెరుగుతుంది. అంటే ఏళ్ళ తరబడి మత్తు సూదులు. ఆ గడ్డిలో, బురదలో మత్తెక్కిన జంతువు నీళ్ళలో పడితే ప్రాణానికే ముప్పు. అస్సాం ప్రభుత్వం 2021 సెప్టెంబరు 22న కాజీరంగా దగ్గరి బొకాఖాత్ పట్టణంలో, నిల్వ ఉన్న 2,479 కొమ్ములను కాల్చేసింది, వాటికి మందు విలువ లేదని చాటడానికే.