రిపోర్టులో 26% పెరుగుదల, మీ పొలానికి 10% తగ్గుదల: తేడా ఎక్కడ?

భూముల విలువ 26% పెరిగిందని రిపోర్టు చెబుతోంది, మీ పొలం విలువేమో 10% తగ్గిందంటున్నారు. రిపోర్టులో భూముల విలువల పాత జాబితా, కొత్త జాబితా మొత్తాలను నేరుగా పోల్చి ఉంటారు, అందుకే ఇలా వచ్చి ఉంటుంది. మధ్యలో ఏదో ఒక పొలం ప్లాట్లుగా మారి ఉంటే రెండు జాబితాల్లో ఉన్నవి ఒకే భూములు కావు.

చిన్న లెక్క చూడండి. పది పొలాలు, ఒక్కోటి విలువ 20 లక్షలనుకోండి, మొత్తం 200. ఏడాది తిరిగేసరికి ఒక పొలం ఒక్కోటి 9 విలువ చేసే పది ప్లాట్లయింది, మిగతా తొమ్మిదీ 18కి పడ్డాయి. ఇప్పుడు 162, 90 కలిపి 252, అంటే 26% పెరిగినట్టే కనిపిస్తుంది, కానీ సాగులో ఉన్న ప్రతి పొలమూ 10% తగ్గింది! పోనీ సగటు చూద్దామంటే 20 నుంచి 13 చిల్లరకి పడిపోతుంది, అదీ తప్పే.

1. రెండు జాబితాల్లోనూ ఉండి, విస్తీర్ణం మారని భూములనే ఉంచండి. చాలామంది వదిలేసేది ఇదే, పేరు అదే కదా అని విస్తీర్ణం చూడరు. దయచేసి ఒక్కో వరుసా చూడండి.
2. సాగుభూమి, ఇళ్ల స్థలాలు, వాణిజ్య స్థలాలు విడివిడిగా పెట్టండి.
3. ఒక్కో భూమికి మార్పు శాతం కట్టి, వరుసలో పేర్చి, మధ్యలో వచ్చిన అంకె తీసుకోండి. ఊరవతల ఒక్క ఎస్టేటు విలువ విపరీతంగా మారినా సగటుని లాగేస్తుంది.
4. రెండు జాబితాల్లో ఉన్నవి ఏ తేదీ నాటి విలువలన్నదీ, వాటిలో ఇళ్లు, షెడ్లు కలిపారో లేదో కూడా చూసుకోండి.

అప్పటికీ తేడా ఉంటే మీ పొలం పక్కన ఉన్న రెండు మూడు భూముల వరుసలు ఇక్కడ పెట్టండి, కూర్చుని చూద్దాం.