పలక మీద పులుసు నిలవదు

అమ్మాయ్,

నీ కథ అందింది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. అలాంటి రోజున అమ్మమ్మని కారెక్కించి, ఇంటిల్లిపాదీ ఏడుగురు హైదరాబాదులో కొత్తరకం ఇండియన్ రెస్టారెంటుకి భోజనానికి బయల్దేరడంతో ఎత్తుకున్నావు. బాగుంది. మూడో పేజీకొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది.

టైము రెండుంబావు. అమ్మమ్మ నుదుటి మీద చెమట, చేతుల్లో వణుకు, మాట తడబాటు. దానికి నువ్వు కట్టిన అర్థం: "ఆవిడ మనసు ఊళ్లో వదిలొచ్చిన వాకిట్లోకి వెళ్లిపోయింది." ఆవిడకి షుగరనీ, బయల్దేరేముందే మాత్ర వేసుకుందనీ మొదటి పేజీలో చెప్పింది నువ్వే కదా! బుకింగు ఒంటిగంటన్నరకి. రెండుంబావు దాకా ఆవిడ నోట్లో పడింది పెరుగు బుడగ, అదే పల్చటి పొరలో పెరుగు నింపిన ఉండ, ఒక్కటి, అదీ ఉమ్మేసింది. అది వాకిలి కాదమ్మా, షుగర్ పడిపోవడం. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకుని తిండి ఆలస్యం చేస్తే ఇవే వస్తాయి: చెమట, వణుకు, తికమక. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టించి, పావుగంట కనిపెట్టుకుని ఉండాలి. నాలుగో పేజీలో తమ్ముడి కూల్‌డ్రింకు సగం గ్లాసు ఆవిడ తాగేసిందని నవ్వులాటగా రాశావు చూడు, ఆవిడని నిలబెట్టింది అదే. బల్ల చుట్టూ ఆరుగురుండి, ఒక్కరికీ అది తట్టకపోవడం ఉంది చూశావా, కథ అక్కడుంది.

తిండి గురించి రాసేవాళ్లు ముందు గడియారం, గరిటె చూసుకోవాలి. మనసు సంగతి తర్వాత.

వడ్డన చూడు. మన బంతిలో పప్పు, కూర, పచ్చడి అన్నీ విస్తట్లో ముందే పడిపోతాయి. ఏది ముందు కలుపుకోవాలో, ఎంత కలుపుకోవాలో తినేవాడి చెయ్యి తేలుస్తుంది. చాలకపోతే మారు వడ్డిస్తారు. ఢిల్లీలో 2009లో తెరిచిన ఇండియన్ యాక్సెంట్ రెస్టారెంటు లాంటి చోట్ల పేరుపడ్డ, ఒకదాని తర్వాత ఒకటిగా తెచ్చిపెట్టే కోర్సుల భోజనంలో ఆ లెక్కంతా వంటగది చేతిలో ఉంటుంది. మీకు ఏడు కోర్సులు. మొదటిది రెండూ ఐదుకి వచ్చింది. కోర్సుకీ కోర్సుకీ పావుగంట వేసుకో. ఆరోదిగా అన్నం వచ్చేసరికి మూడూ ఇరవై. వచ్చింది పిడికెడు. "ఇంకాస్త వెయ్యి నాయనా" అని అమ్మమ్మ అడిగితే, ఆ కుర్రాడు నవ్వి "నెక్స్ట్ కోర్సు వస్తుందమ్మా" అన్నాడు. పద్నాలుగు పేజీల్లో నాకు గొంతు పట్టేసింది ఈ ఒక్క ముక్క దగ్గరే. నువ్వేమో దాన్ని ఒక్క లైనులో దాటేసి, గోడ మీది కలంకారీ బొమ్మకి పేజీన్నర ఇచ్చావు. మారు లేని భోజనానికి ఆవిడ ఎప్పుడైనా కూచుందా? అది రాయి.

పెరుగు బుడగని ఆవిడ "పరాయిదనంతో" ఉమ్మేసిందట. అది ఎలా చేస్తారో కనుక్కున్నావా? లీటరు నీళ్లలో 5 గ్రాముల సోడియం ఆల్జినేట్, అంటే సముద్రపు నాచు నుంచి తీసే పొడి, గిలకొట్టి, లోపలి గాలి బుడగలు పోయేదాకా కదపకుండా ఉంచుతారు. పెరుగులో కాస్త కాల్షియం లాక్టేట్ అనే లవణం కలిపి, గుండ్రటి చెంచాతో అందులోకి జారవిడుస్తారు. కాల్షియానికి ఆల్జినేట్ తగిలి చుట్టూ పొర కడుతుంది. పొర కట్టగానే తీసి మంచినీళ్లలో కడిగితే నోట్లో చిట్లి పెరుగవుతుంది. ఆల్జినేట్ నీళ్లలోనే వదిలేస్తే పొర మందమై రబ్బరులా సాగుతుంది. కట్టుడు పళ్లావిడకి అది తెగదు. తెగనిది ఉమ్మేస్తారు. ఇందులో పరాయిదనం ఏముంది?

"గాజు మూత ఎత్తగానే మామిడి చెక్క వాసనతో డ్రై ఐస్ పొగ కమ్ముకుంది" అన్నావు. రెండు వేరువేరు సంగతులు కలిపేశావు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, దాని మీద నీళ్లు పడితే లేచేది పొగ కాదు, మంచు. దానికి వాసన ఉండదు, బల్ల మీద నుంచి కిందికి జారుతుంది. చెక్క పొగ ఇంకోటి. చిన్న గొట్టంలో చెక్కపొట్టు కాల్చి, ఆ పొగ మూత కిందికి పంపిస్తారు. మూత తీస్తే పైకి లేస్తుంది, కాసేపు ఎక్కువ ఉంచితే కూరకి చేదు పడుతుంది. నువ్వు చూసింది కిందికి జారిందా, పైకి లేచిందా?

ఇక నల్ల పలక మీద నాటుకోడి పులుసు. అంచు లేని పలక మీద పులుసు ఎట్లా నిలిచిందమ్మా? అది చిన్న గిన్నెలో వచ్చి ఉంటుంది, పలక మీద గారె ఒక్కటే ఉండి ఉంటుంది. ఆ గారె "రాయిలా" ఎందుకుందో కూడా రాయాల్సింది. మినప్పప్పు మూడు నాలుగు గంటలు నాని, నీళ్లు చిలకరిస్తూ రుబ్బాక పిండిని చేత్తో బాగా గిలకొట్టాలి. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. మునిగిందంటే గాలి పట్టలేదని. పలచనైతే చిల్లు నిలవదు, నూనె పీలుస్తుంది. కనుమ నాడు మినుము తినాలనే అమ్మమ్మ ఒక్కసారి కొరికితే ఇవన్నీ చెప్పేస్తుంది. ఆవిడ నోట ఒక్క మాటా అనిపించలేదు నువ్వు.

"నోరూరించే" అని ఆరుసార్లు లెక్కపెట్టాను. తప్పు నీ ఒక్కదానిదే కాదులే. పండగ సంచికల ఎడిటర్లకి కొలత కనబడితే "ఇది వంటల శీర్షిక కాదండీ" అని కొట్టేసి, ఆ ఖాళీలో "అమ్మ చేతి కమ్మదనం" కూరతారు. వంటల శీర్షికకి పంపితే సాహిత్యం ఎక్కువైందంటారు. నిన్ను ఆరుసార్లు నోరూరించేలా చేసింది వాళ్లే.

చివర బిల్లు. తలకి మూడువేల చొప్పున 21,000, పైన 18 శాతం జీఎస్టీ వేశావు. మామూలు రెస్టారెంటుకి 5 శాతమే, కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. రోజు అద్దె 7,500 దాటే గదులున్న హోటల్లో అయితేనే 18. మీది కాలనీలో మేడ మీది రెస్టారెంటు. సర్వీస్ చార్జి 10 శాతం చూసి నాన్న పళ్లు కొరుక్కుని కట్టాడన్నావు. అది తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. తీసేయమని అడగగలిగీ, పిల్లల ముందు చిన్నబోతానని నోరు మెదపని నాన్న అయితే ఆ సీను నిలబడుతుంది. తెలియని నాన్న అయితే ఇంకోలా రాయాలి. తేల్చుకో.

పోటీకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అనేవి నన్నడక్కు.

ఆ బిల్లు ఇంట్లో ఉంటే వెతుకు, దాని మీద టైము ఉంటుంది. అమ్మమ్మ మాత్ర వేసుకున్నది చెప్పులేసుకునేముందా, కార్లోనా, అదీ ఆవిడనే అడిగి రాయి.

ఆశీస్సులతో.