స్విఫ్ట్‌కు లోయరింగ్ స్ప్రింగ్స్ వేస్తే మన సీమ రోడ్ల మీద నడుస్తుందా?

మీ ప్రశ్న ఇది: మీ స్విఫ్ట్ పెట్రోల్ బండిని 40 మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగ్స్ వేయిస్తే అనంతపురంలో రోజూ తిరగడానికి ఇబ్బంది ఉంటుందా, లేక ఉన్న స్ప్రింగులనే ఒక చుట్టు కోయిస్తే తక్కువ ఖర్చుతో పనైపోతుందా అని.

మాది కడప. నాదీ స్విఫ్టే, పాత మోడల్. 30 మి.మీ. దించి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుగుతున్నాను. నన్నడిగితే, దించండి. కానీ 30 దాటొద్దు. స్ప్రింగ్ కోయడం గురించి మాత్రం మీరు ఇక ఆలోచించకండి. ఆ మాట చెప్పిన మెకానిక్ దగ్గరికి ఆయిల్ మార్చడానికి కూడా వెళ్లొద్దు.

నా బండికి పని చేసింది రాజంపేట రోడ్డులో చిన్న షెడ్డు నడిపే ఒక పెద్దాయన. అందరూ చాచా అంటారు. మే నెల కాబట్టి ఎండ ముదరకముందే మొదలుపెడదామని తెల్లవారుజామునే రమ్మన్నాడు. పానా ముట్టకముందే బండిని చదును నేల మీద పెట్టించి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిమి నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి, సుద్దముక్కతో ఫెండర్ మీదే అంకెలు వేశాడు. "రేపు నువ్వొచ్చి ఒక పక్క వంగింది చాచా అంటే నేనేం చూపించాలి నాయనా?" అన్నాడు. నేను చూసిన పెద్ద షోరూముల్లో కూడా ఎవరూ ఇలా కొలవలేదు.

ముందు వైపు స్ట్రట్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండేవి) విప్పి, స్ప్రింగును కంప్రెసర్‌తో అదుముతున్నప్పుడు నన్ను దూరంగా నిలబడమన్నాడు. అదిమిన స్ప్రింగ్ జారి తగిలితే ఎముక విరుగుతుంది. ఇంట్లో యూట్యూబ్ చూసి ఈ పని చేసుకోవాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కుడివైపు స్ట్రట్ పైకొనలో ఉండే మౌంట్ బేరింగ్ దుమ్ముతో బిగుసుకుపోయి ఉంది. స్ప్రింగ్ తీశాం కాబట్టే అది కంటపడింది. అక్కడే కొత్తది వేయించాను.

సరిగ్గా ఆ సమయానికే ఒక కుర్రాడు చిన్న హ్యాచ్‌బ్యాక్ వేసుకుని వచ్చాడు. వెనక నుంచి గడగడమని చప్పుడొస్తోందట. చాచా కొడుకు వెనక వైపు జాకీ పెట్టి లేపాడు. చక్రం కిందికి వేలాడగానే స్ప్రింగ్ సీటులోంచి ఊడి, నేల మీద పడి, నా కాళ్ల దాకా దొర్లుకుంటూ వచ్చింది. చేతిలోకి తీసుకుని చూస్తే కొన గ్యాస్ కట్టర్‌తో కోసి ఉంది. కోసిన చోట ఉక్కు నీలంగా మారిపోయింది. ఆ కుర్రాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అదే బండిలో ముందురోజు వాళ్ల అమ్మను ప్రొద్దుటూరు తీసుకెళ్లి వచ్చాడట. చాచా అతన్ని తిట్టలేదు. పక్క షెడ్డు నుంచి పాత కంపెనీ స్ప్రింగుల జత తెప్పించి, వేసి పంపించాడు.

కోస్తే ఏమవుతుందంటే, బరువు మోసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలిన ఐదే అదే బరువు మోయాలి. స్ప్రింగ్ 20 శాతం గట్టిపడుతుంది. పొడవు తగ్గింది కాబట్టి, చక్రం గుంతలోకి పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగుకు పట్టు ఉండదు. కోసిన కొన సీటులో సరిగ్గా కూర్చోదు. పైగా మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు టెంపర్ పోయి, ఆ చోటే విరుగుతుంది. లోయరింగ్ కోసమే తయారుచేసిన స్ప్రింగులో ఈ పొడవు, చుట్టల మధ్య ఎడం, కొన ఆకారం అన్నీ లెక్కేసి చేస్తారు. మీరు డబ్బు పెట్టేది ఆ లెక్కకే. కొనేటప్పుడు పెట్రోల్ బండికా డీజిల్ బండికా అని స్పష్టంగా చెప్పి తీసుకోండి. డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి ముందు స్ప్రింగులు వేరుగా ఉంటాయి.

మళ్లీ నా బండి సంగతి. వెనక స్ప్రింగులు వేయడం తేలికే. స్విఫ్టులో వెనక స్ప్రింగ్ వేరు, షాక్ అబ్జార్బర్ వేరు. అసలు పని ఆ తర్వాత జరిగింది. చాచా ముందు వైపు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బాడీకి కలిపే చెయ్యి) బోల్టులు, వెనక చక్రాలను కలిపే బీమ్ బుష్ (కీలులోని రబ్బరు) బోల్టులు వదులు చేసి, బండిని నేలకు దించి, నన్ను లోపల కూర్చోబెట్టి, నాలుగు మూలలా ఊపించి, బరువు చక్రాల మీద ఉండగానే కింద పడుకుని బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే బండి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కొద్ది రోజులకే చినుగుతుంది. చాలామంది "స్ప్రింగులు వేశాక కిర్రుకిర్రు చప్పుడు" అని స్ప్రింగును తిడుతుంటారు. అది బుష్ చప్పుడు. మీ మెకానిక్‌తో ఈ ఒక్క మాట ముందే మాట్లాడుకోండి.

షాక్ అబ్జార్బర్లు కూడా కలిపి మార్చండి. కంపెనీ షాకులు కంపెనీ స్ప్రింగ్ గట్టిదనానికి సరిపోయేలా చేసినవి. గట్టి స్ప్రింగ్ వెనక్కి తన్నేటప్పుడు పాత షాక్ దాన్ని ఆపలేదు, బండి ఎగురుతూ పోతుంది. చక్రం మరీ పైకి లేవకుండా ఆపే లోపలి బంప్ స్టాప్ రబ్బరు కూడా పొట్టిది వేయించాలి. లేదంటే 30 మి.మీ. దించినప్పుడు చక్రం కదిలే చోటు అంతమేరా తగ్గిపోయి, ప్రతి గుంతలోనూ రబ్బరు మీదే కొట్టుకుంటుంది. అప్పుడు నడుం నొప్పి అంటారు, లోయరింగ్ చెడ్డదంటారు.

40 ఎందుకు వద్దంటున్నానంటే, స్విఫ్ట్ ముందు వైపు మెక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే చక్రాన్ని పైన స్ట్రట్టూ కింద లోయర్ ఆర్మూ పట్టుకునే పద్ధతి. మరీ దించితే లోయర్ ఆర్మ్ బయటి కొన లోపలి కొన కంటే పైకి లేస్తుంది. బండి మలుపులో ఏ బిందువు చుట్టూ వాలుతుందో ఆ బిందువు, బాడీ దిగినదాని కంటే ఎక్కువ దిగిపోతుంది. ఆ ఎడం పెరిగేకొద్దీ బండిని వాల్చే బలానికి పట్టు పెరుగుతుంది. దించింది వాలు తగ్గడానికైతే, జరిగేది దానికి విరుద్ధం. 40 అంటేనే చూడటానికి బాగుంటుందని మీ స్నేహితులు అనొచ్చు. స్టాండులో నిలబెట్టి ఫొటో తీసుకోవడానికైతే సరే.

నేను దించింది గువ్వలచెరువు ఘాట్ కోసం. మా అక్క వాళ్లది రాయచోటి. ఆ మలుపుల్లో లారీల వెనకాల దిగుతున్నప్పుడు పాత స్ప్రింగులతో బండి ఒక పక్కకు ఒరిగి, స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గాని తిరిగేది కాదు. మా అమ్మకు ప్రతిసారీ వాంతులు. స్ప్రింగులు మార్చాక మొదటిసారి వెళ్లినప్పుడు గువ్వలచెరువు దాకా ఆమె కళ్లు మూసుకోలేదు. అక్కడ ఆగి పాలకోవా కొనిపించింది. బండి దించడం కుర్రచేష్ట అనుకునే మా బంధువులకు నేను ఇచ్చే జవాబు ఇదే.

ఇక రోడ్ల మాట. మీరు భయపడాల్సింది గుంతలకు కాదు, స్పీడ్ బ్రేకర్లకు. రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల నియమం ఐఆర్‌సీ 99 ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలి. దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలగాలి. నా స్విఫ్ట్ వీల్‌బేస్, అంటే ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా దూరం, 2430 మి.మీ. అలాంటి బ్రేకర్‌కు అటో చక్రం ఇటో చక్రం ఉన్నప్పుడు లెక్క వేస్తే, చక్రాలు నిలబడిన చోటు కంటే బ్రేకర్ నడిమి భాగం 43 మి.మీ. మాత్రమే ఎత్తుగా ఉంటుంది. కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ (బండి అడుగుకూ నేలకూ మధ్య ఎత్తు) 170 మి.మీ. అందులో 30 తీసేసినా 140 ఉంటుంది. ఐదుగురు ఎక్కితే ఇంకాస్త దిగుతుంది, అయినా హాయిగా దాటుతుంది. అంటే నియమం ప్రకారం కట్టిన బ్రేకర్ మీద దించిన బండికి ఏ కష్టమూ లేదు.

మన ఊళ్లలో ఉన్నవి అవి కావు. ఎవరింటి ముందు వాళ్లు కంకర, సిమెంటు కలిపి అడుగు వెడల్పున గోడలా పోసేస్తారు. చక్రాలు దాటి దిగిపోయాక దాని ఎత్తంతా నేరుగా ఇంజన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ మీదికే వస్తుంది. రంగు ఉండదు, బోర్డు ఉండదు, రాత్రిపూట కనబడదు. దించని బండ్లకే కింద గీసుకుపోతోంది. స్కూటర్ మీద వెనక కూర్చున్న ఆడవాళ్లు పడిపోతున్నారు. పిల్లల కోసమే వేశామంటారు, నిజమే, వేగం తగ్గాలి. తగ్గించడానికి కొలతలు రాసిపెట్టి ఉన్నప్పుడు వాటి ప్రకారం వేయడానికి ఎవరు అడ్డొచ్చారు? నాకు దీని మీద పట్టరాని కోపం. మా వీధి బ్రేకర్ ఎత్తు, వెడల్పు టేపుతో కొలిచి, పైన చెప్పిన లెక్కంతా కాగితం మీద వేసి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. కొన్నాళ్లకు వచ్చి రెండు వైపులా తారు పోసి వాలు చేశారు. రంగు ఇంకా వేయలేదు, అడుగుతూనే ఉన్నాను.

అలైన్‌మెంట్ షాపుల వాళ్లతోనూ జాగ్రత్త. బండి దిగితే చక్రం పై భాగం లోపలికి వాలుతుంది, టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు, కూడా మారుతుంది. "అంతా సెట్ అన్నా" అంటే నమ్మకండి. ముందు రీడింగ్, తర్వాత రీడింగ్ ప్రింట్ తీసి ఇవ్వమనండి. ఇవ్వనన్న షాపులో నేను డబ్బు కట్టకుండానే వచ్చేశాను. టో తప్పితే టైరు లోపలి అంచు అరిగిపోతుంది, బయట నుంచి చూస్తే కొత్తగానే కనిపిస్తుంది. స్ప్రింగులు కొంచెం తిరిగాక ఇంకాస్త కూర్చుంటాయి కాబట్టి ఆ తర్వాత ఇంకోసారి చేయించండి. ఇన్సూరెన్స్ వాళ్లకు మార్పు చేసిన సంగతి ముందే రాసిచ్చి, రసీదు ఉంచుకోండి.

డబ్బు కట్టే ముందు ఇంట్లోవాళ్లందరినీ బండిలో కూర్చోబెట్టి, చాంబర్ కింది నుంచి నేల దాకా టేపుతో కొలవండి. అందులోంచి 30 తీసేయండి. మీరు రోజూ దాటే బ్రేకర్లలో అన్నిటికంటే ఘోరమైనదాని ఎత్తు, వెడల్పు కూడా కొలిచి ఇక్కడ రాయండి. మీ బండి ఏ సంవత్సరం మోడలో కూడా చెప్పండి, వీల్‌బేస్ చూసి లెక్క వేసిపెడతాను. తగిలేలా ఉంటే అర్జీ ఎలా రాయాలో కూడా పంపిస్తాను.