'స్లాటర్ ఆఫ్ ద సోల్' నిజంగా అంత గొప్ప ఆల్బమా? గిటార్ మీద నెమ్మదిగా వాయించాకే నాకు తేలింది

మీరు అడిగింది ఇదీ: మెలోడిక్ డెత్ మెటల్ (డెత్ మెటల్ మోతకి రాగం కలిపిన శైలి) కొత్తగా వినడం మొదలుపెట్టారు, ఎవరిని అడిగినా స్వీడన్ బ్యాండ్ ఎట్ ద గేట్స్ వాళ్ల 'స్లాటర్ ఆఫ్ ద సోల్' వినమంటున్నారు, రెండుసార్లు విన్నా పాటలన్నీ ఒకేలా అనిపించాయి, అందులో మెలోడీ ఎక్కడుందో దొరకలేదు. ఇలాంటి ఆల్బమ్ మంచిదో కాదో అసలు ఎలా తేల్చుకోవాలి అని.

ముందు నా మాట చెప్పేస్తాను. అది గొప్ప ఆల్బమే. లోపాలున్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. మీకు పాటలన్నీ ఒకేలా అనిపించడంలో వింతేమీ లేదు, నాకూ మొదట్లో అచ్చం అలాగే ఉండేది, దాదాపు ఏడాది పాటు దాన్ని పక్కన పెట్టేశాను కూడా.

అప్పటికి నేను ఎక్కువగా విన్నది ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బ్యాండ్‌ని. రెండు గిటార్లు ఒకదానికొకటి జోడీగా, మూడో స్వరం ఎడంతో కలిసి పాడుతున్నట్టు సాగుతాయి కదా, ఆ రాగం పాట పైన తేలుతూ కనిపిస్తుంది, ఒక్కసారి వింటే నోట్లో ఆడుతుంది. 'మెలోడిక్' అన్న మాట చూసి ఇక్కడా అలాంటిదే వస్తుందని ఎదురుచూశాను. మొదటి పాట అయిపోయింది, రెండోది అయిపోయింది, ఆ జోడీ గిటార్లు ఎప్పుడొస్తాయా అని చూస్తూనే ఉన్నాను. పైగా నా దగ్గరున్నవి నాణ్యత లేని ఫైళ్లు, వాటిని షఫుల్‌లో వినేవాణ్ని. అరుపు, డ్రమ్ము, ఒక గోడలాంటి గిటార్ మోత. అంతే మిగిలింది.

మళ్లీ దాని దగ్గరికి వెళ్లింది వినడానికి కాదు, ప్రాక్టీసుకి. కుడిచేతి వేగం పెంచుకోవాలని ఆల్బమ్‌లో మొదటి పాట 'బ్లైండెడ్ బై ఫియర్' రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) నేర్చుకుందామనుకున్నాను. అసలు వేగంలో పది సెకన్లకే మణికట్టు బిగుసుకుపోయేది, అందుకని సగానికి సగం తగ్గించి, ఎలక్ట్రిక్ పక్కన పెట్టి మామూలు అకూస్టిక్ గిటార్ మీద ఒక్కో స్వరం విడిగా మీటుతూ కూర్చున్నాను. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే మోత) లేదు, డ్రమ్స్ లేవు. పక్క గదిలో మెటల్ అంటే ఇష్టం లేని స్నేహితుడు ఒకడు ఉన్నాడు. కాసేపటికి తలుపు దగ్గరికి వచ్చి, "బాగుందిరా, ఏం పాట అది, ఇంత దిగులుగా ఉంది?" అన్నాడు. రోజూ నేను పెడితే చెవులు మూసుకునే పాటే అది అని చెబితే నమ్మలేదు.

నాకు విషయం అక్కడ అర్థమైంది. ఈ సంగీతంలో మంచి ఆల్బమ్ అయితే మెలోడీ రిఫ్ మీద కూర్చోదు, రిఫ్ లోపల ఉంటుంది. అదే వెన్నెముక. ఒకే స్వరాన్ని కిందికీ పైకీ వేగంగా మీటుతూ పోతుంటే, దాన్నే ట్రెమొలో పికింగ్ అంటారు, చెవికి ముందు ఆ మీటడమే వినిపిస్తుంది, దాని కింద నెమ్మదిగా మారుతున్న మైనర్ స్వరాల వరస తర్వాతెప్పుడో వినిపిస్తుంది. వర్షం చప్పుడు కింద ఎవరో పాడుతున్నట్టు. అందుకే ఏ మెలోడిక్ డెత్ మెటల్ ఆల్బమ్ వచ్చినా నేను ముందు చేసే పని ఒకటే: పాట ఆపేసి, ఐదు నిమిషాలాగి, రిఫ్‌ని నోటితో పాడగలనా అని చూసుకుంటాను. సోలో (గిటార్ ముందుకొచ్చి విడిగా వాయించే ముక్క) కాదు, కోరస్ కాదు, రిఫ్. పాడగలిగితే పాట నిలుస్తుంది. అలా కాకుండా కింద ఏదో రెండు కార్డ్‌ల దంచుడు పెట్టి, పైన కీబోర్డుతోనో లీడ్ గిటార్‌తోనో తియ్యటి రాగం పూస్తే, అది మొదటి వినికిడికి చాలా బాగుంటుంది, పదోసారికి పైపూత ఊడిపోతుంది. ఇలా ఊడిపోయిన ఆల్బమ్‌లు నా దగ్గర బోలెడున్నాయి.

కొంచెం వెనక్కి వెళ్తే ఇది ఎందుకిలా తయారైందో తెలుస్తుంది. స్వీడన్‌లో డెత్ మెటల్ అంటే ముందు స్టాక్‌హోమ్, అక్కడి సన్‌లైట్ స్టూడియో, బాస్ (Boss) కంపెనీ హెచ్‌ఎం-2 డిస్టార్షన్ పెడల్ నాబ్‌లన్నీ చివరికంటా తిప్పితే వచ్చే రంపపు మోత. ఎన్‌టూంబ్డ్ బ్యాండ్ 1990లో తెచ్చిన 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' వినండి, ఆ శబ్దమే ఒక పాత్ర. స్వీడన్‌లోనే ఉన్న గోథెన్‌బర్గ్ నగరం కుర్రాళ్లు అదే వేగాన్ని తీసుకుని రాగం వైపు లాగారు. ఫ్రెడ్రిక్ నోర్డ్‌స్ట్రోమ్ నడిపిన స్టూడియో ఫ్రెడ్‌మన్‌లో ఎంత తక్కువ వ్యవధిలో ఎంత పని జరిగిందో చూడండి: 'స్లాటర్ ఆఫ్ ద సోల్', డార్క్ ట్రాంక్విలిటీ వాళ్ల 'ద గ్యాలరీ' రెండూ 1995 నవంబరులోనే వచ్చాయి, ఇన్ ఫ్లేమ్స్ వాళ్ల 'ద జెస్టర్ రేస్' 1996 మొదట్లో. మూడూ ఆ ఒక్క స్టూడియోలోనే తయారయ్యాయి. అయినా మూడూ మూడు దారులు. అందుకే ఈ ఆల్బమ్‌ని అంచనా వేయాలంటే ఆ రెండింటినీ పక్కన పెట్టుకుని వినాలి, ఇప్పటి బ్యాండ్‌లతో పోలిస్తే దానికి అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే ఆ తర్వాత అమెరికా మెటల్‌కోర్ (మెటల్, హార్డ్‌కోర్ పంక్ కలిపిన శైలి) బ్యాండ్‌లు ఇందులోని రిఫ్‌ల పద్ధతిని ఎంతగా వాడేశాయంటే, ఇప్పుడు కొత్తగా వినేవాళ్లకి అసలుదే నకలులా వినిపిస్తుంది. మీకు 'ఒకేలా' అనిపించడానికి ఇది కూడా ఒక కారణమేమో చూడండి.

ఎట్ ద గేట్స్ ఇక్కడ చేసిన పెద్ద పని కలపడం కాదు, తీసేయడం. 1992లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'ద రెడ్ ఇన్ ద స్కై ఈజ్ అవర్స్' వింటే మీకే తెలుస్తుంది. అందులో వయొలిన్ ఉంటుంది, ఒక్కో పాటలో లెక్కలేనన్ని మలుపులు, ఒక రిఫ్ రుచి తెలిసేలోపు ఇంకోటి వచ్చేస్తుంది. అప్పటి గిటారిస్టు ఆల్ఫ్ స్వెన్సన్ 1993లో వెళ్లిపోయాడు, ఆ చోటికి మార్టిన్ లార్సన్ వచ్చాడు, అక్కణ్ణించి పాటలు పొట్టివవుతూ వచ్చాయి. నాలుగో ఆల్బమ్ అయిన ఇది మొత్తం 34 నిమిషాలు, 11 ట్రాక్‌లు. చాలా పాటలు మూడు నిమిషాల చుట్టుపక్కలే. ఒక రిఫ్, దానికి జవాబు చెప్పే ఇంకో రిఫ్, కోరస్, మళ్లీ మొదటిది, అయిపోయింది. పొట్టు మొత్తం చెరిగేసి గింజ మాత్రమే మిగిల్చారు. పాత అభిమానుల్లో కొందరికి ఇదే కోపం, "ఇది త్రాష్ అయిపోయింది, మా బ్యాండ్ పోయింది" అంటారు, త్రాష్ అంటే వేగంగా దంచుకుంటూ సాగే ఇంకో మెటల్ శైలి. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, మొదటి ఆల్బమ్‌లోని ఆ పిచ్చి సాహసం ఇందులో లేదు. కానీ అంత సాహసం చేసిన ఆల్బమ్‌ని నేను ఏడాదికి ఒకసారి వింటాను, దీన్ని నెలకోసారైనా వింటాను.

డ్రమ్స్ గురించి ఒక మాట. ఏడ్రియన్ ఎర్లాండ్‌సన్ ఇందులో వేగం చూపించడానికి వాయించలేదు. బ్లాస్ట్ బీట్లు (డ్రమ్స్ మీద ఆగకుండా అతివేగంగా పడే దెబ్బలు) ఊదరగొట్టే అవకాశం ఉన్నా ఎక్కువ చోట్ల త్రాష్ నడకే ఎంచుకున్నాడు, బాస్ డ్రమ్ తర్వాత స్నేర్, మళ్లీ బాస్ డ్రమ్, మళ్లీ స్నేర్, పరుగెత్తే మనిషి అడుగుల్లా. ఈ నడక ఉండటం వల్లే రిఫ్‌లోని స్వరాలు వేటికవి విడిగా తెలుస్తాయి. మిక్స్ కూడా అంతే, పొడిగా, బిగుతుగా ఉంటుంది, ప్రతిధ్వనులు తక్కువ. మంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే గిటారిస్టు తీగల మీద అరచెయ్యి ఆనించి మోతని తుంచేసే చోటు కూడా తెలుస్తుంది. నా పాత ఫైళ్లలో ఇది మొత్తం మాయమైపోయింది, అందుకే మీకు చెప్తున్నాను, ముందు మీరు వింటున్న కాపీ ఎలాంటిదో చూసుకోండి.

బ్యాండ్ గాయకుడు తోమస్ లిండ్‌బర్గ్ గొంతు చాలామందికి మొదటి అడ్డంకి. డెత్ మెటల్ అనగానే కడుపులోంచి వచ్చే లోతైన గర్జన అనుకుంటాం, ఈయనది అది కాదు. పైస్థాయిలో, గొంతు చీరుకుపోతున్నట్టు ఉండే కేక. నాకు మొదట అది చిరాకు పెట్టింది, ఆ తర్వాత సాహిత్యం ఎదురుగా పెట్టుకుని వింటే తెలిసింది, మాటలు దాదాపు అన్నీ స్పష్టంగానే పలుకుతున్నాడు. కోపంగా ఉన్న మనిషి గొంతు కాదది, లోపల ఏదో తెగిపోతున్న మనిషి గొంతు. టైటిల్ పాట మొదట్లో ఆయన వేసే 'గో' అన్న ఒక్క కేక చాలు, పాట ఎత్తుగడ మొత్తం దాని మీదే లేస్తుంది. ఒక ఆల్బమ్‌ని అంచనా వేసేటప్పుడు గొంతు అందంగా ఉందా అని చూడకండి, ఆ రిఫ్‌ల మీద ఇంకో గొంతుని ఊహించగలరా అని చూడండి. నేనైతే ఇక్కడ ఊహించలేకపోయాను.

ఇక 'కోల్డ్'. మొత్తం ఆల్బమ్‌లో సోలో అంటే నాకు గుర్తొచ్చేది ఇదే, అది బ్యాండ్ వాళ్లది కూడా కాదు, కింగ్ డైమండ్ అనే మెటల్ బ్యాండ్ గిటారిస్టు ఆండీ లారాక్ అతిథిగా వచ్చి వాయించాడు. సోలోలు దాదాపు లేని ఆల్బమ్‌లో, పాట నడుమ, ఉన్నట్టుండి గిటార్ నోరు విప్పి ఏడ్చినట్టు వస్తుంది, మీరు ఇంకొంచెం కావాలనుకునేలోపే వెళ్లిపోతుంది. ప్రతి పాటకీ ఒక సోలో పెట్టి ఉంటే దీనికి ఈ విలువ వచ్చేది కాదు.

పాటల వరస మాత్రం చెడగొట్టకండి, షఫుల్ వద్దు. మొదటి నాలుగు పాటలు ఊపిరి తీసుకోనివ్వవు, నాలుగోది 'అండర్ ఎ సర్పెంట్ సన్' ముగిశాక ఐదోదిగా 'ఇంటు ద డెడ్ స్కై' వస్తుంది, గొంతు లేదు, డిస్టార్షన్ లేదు, అకూస్టిక్ గిటార్ మాత్రమే. నేను షఫుల్‌లో వింటున్నప్పుడు దీన్ని అనవసరమైన ముక్క అనుకుని ప్రతిసారీ దాటేసేవాణ్ని. వరసలో విన్న మొదటి రాత్రి అది వచ్చినప్పుడు నా భుజాలు కిందికి దిగడం నాకే తెలిసింది, అప్పటిదాకా బిగబట్టి కూర్చున్నానన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. పైగా ఆ రెండు నిమిషాలు, మిగతా రిఫ్‌ల లోపల దాగి ఉన్న దిగులు ఏమిటో బయటపెట్టి చూపిస్తాయి. మీకు మెలోడీ దొరకలేదంటే ముందు ఆ ముక్క విని, వెంటనే నాలుగో పాటకి వెనక్కి వెళ్లండి.

లోపాల సంగతికి వస్తే, రెండో సగం మొదటి సగమంత బలంగా లేదు. 'సూయిసైడ్ నేషన్' నాకు బాగా ఇష్టం, ఆ తర్వాత 'వరల్డ్ ఆఫ్ లైస్' నుంచి కొంచెం జారుతుంది, రిఫ్‌లు బాగానే ఉంటాయి కానీ ఇంతకుముందు విన్నవాటికి దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. నేను పాడి చూసుకునే పరీక్షలో నాకు ఇప్పటికీ 'నాజియా' సరిగ్గా రాదు. బాస్ గిటార్ గురించి కూడా నాకు అసంతృప్తి ఉంది, యోనాస్ బ్యోర్లర్ ఏం వాయిస్తున్నాడో గిటార్ల కింద చాలా చోట్ల విడిగా వినపడదు. 'ద గ్యాలరీ'లో 'లీథీ' పాట బాస్ ఒంటరిగా మొదలుపెడుతుంది, అది విని ఇక్కడికి వస్తే ఆ తేడా ఇంకా గుచ్చుకుంటుంది.

ఎలాగూ పేరు వచ్చింది కాబట్టి చెప్తాను, 'ద గ్యాలరీ'లో గిటార్లు ఒక్క క్షణం ఊరికే ఉండవు, అల్లుకుంటూ పోతాయి, సంగీతం తెలిసినవాళ్లకి పండగ. 'ద జెస్టర్ రేస్'లో జోడీ గిటార్ల రాగాలు ముందే కనిపిస్తాయి, మెయిడెన్ నుంచి వచ్చినవాళ్లకి అది తేలిగ్గా ఎక్కుతుంది. మీరు అటునుంచి వచ్చి ఉంటే మొదలు దానితో పెట్టుకోండి, అందులో తప్పేం లేదు. మూడింట్లో ఏది గొప్పదని అడిగితే మాత్రం నేను 'స్లాటర్' పేరే చెప్తాను, ఎందుకంటే మిగతా రెండింట్లో ఇది తీసేసినా నడుస్తుంది అనిపించే చోట్లు నాకు దొరికాయి, ఇక్కడ మొదటి ఆరు ట్రాక్‌లలో అలాంటి చోటు ఒక్కటి కూడా దొరకలేదు.

ఈ ఆల్బమ్ వచ్చిన మరుసటి ఏడాదే, 1996లో, బ్యాండ్ విడిపోయింది. మళ్లీ కలిసి కొత్త ఆల్బమ్ తెచ్చేసరికి 2014 అయింది. 2025 సెప్టెంబరులో లిండ్‌బర్గ్ క్యాన్సర్‌తో చనిపోయాడు, 52 ఏళ్లు. ఆ వార్త తెలిసిన రాత్రి లైట్లు ఆర్పేసి మొదటి నుంచి చివరిదాకా విన్నాను. చివరి ట్రాక్ 'ద ఫ్లేమ్స్ ఆఫ్ ది ఎండ్'లో ఆయన గొంతు ఉండదు, వాద్యమే, దాని ముందు వచ్చే 'నీడ్'తోనే ఆయన పాడటం అయిపోతుంది. ఎన్నోసార్లు విన్న ఆల్బమే, కానీ ఆ గొంతు ఆగిపోయాక కూడా దాదాపు మూడు నిమిషాలు సంగీతం నడుస్తుందని ఆ రాత్రే గమనించాను.

మీరు ఈసారి వినేటప్పుడు ఒక్క పని చెయ్యండి, 'బ్లైండెడ్ బై ఫియర్' మొదటి నిమిషాన్ని సగం వేగంలో పెట్టుకుని వినండి, ఇప్పుడు చాలా ప్లేయర్‌లలో ఆ సదుపాయం ఉంటుంది. స్వరాల వరస చెవికి పట్టాక అసలు వేగానికి రండి. మీకు ఏం వినిపించిందో ఇక్కడే కింద రాయండి, నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, ఏ చోట విసుగొచ్చిందో నిమిషంతో సహా చెబితే ఇంకా మంచిది, ఆ చోటు నేనూ మళ్లీ వింటాను.