లోపల ఏముందో తెలిసే కొను

చిన్నా,

బావగారు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. ఇరవై ఆరేళ్లొచ్చి, ఉద్యోగం చేసుకుంటూ, జీతంలో సగం బొమ్మలకు తగలేస్తున్నావట, ఈ పిచ్చి అంటించింది నేనేనట. పెద్దయ్యాక బొమ్మలేంటి అనే మాటకు జవాబు చెప్పడం నేనెప్పుడో మానేశాను. సంక్రాంతికి కొలువు పెట్టడానికి మీ నానమ్మ అటక మీంచి దింపించే ట్రంకు పెట్టెల్లో ఏముంటాయో ఆయన్నే అడుగు. కానీ నువ్వు పంపిన ఫోటో చూశాక ఆయన కోపంలో కొంత న్యాయం ఉందనిపించింది. బొమ్మలు కొన్నావని నాకేం బాధ లేదు, కొన్న పద్ధతే బాగాలేదు. విప్పేదాకా లోపల ఏ బొమ్మ ఉందో తెలియని బ్లైండ్ బాక్సులు, ఒకే సిరీస్‌లో పదకొండు, అందులో ఒకే బొమ్మ నాలుగుసార్లు! ఇది లాటరీ టికెట్లు కొన్నట్టుంది.

ఇంజనీరువి కదా, లెక్క చెప్తాను. సిరీస్‌లో 12 బొమ్మలు, అన్నీ సమానంగా వస్తాయనుకో. ఒక్కో బాక్సూ విడిగా, దొరికిన చోటల్లా కొంటూ పోతే పన్నెండూ పూర్తవడానికి సగటున 37 బాక్సులు పడతాయి. మొదటి ఐదారు చకచకా వస్తాయి, అక్కడే మనది లక్కీ హ్యాండ్ అనిపిస్తుంది. చివరి ఒక్కదానికే సగటున 12 బాక్సులు విప్పాలి. ఇక సీక్రెట్ సంగతి, అంటే ఆ పన్నెండుకి బయట అరుదుగా వచ్చే బొమ్మ. చైనా బొమ్మల కంపెనీ పాప్ మార్ట్ వాళ్ల సిరీస్‌లు చాలావాటికి అది 144 బాక్సుల్లో ఒకటి, కొన్నిటికి 72లో ఒకటి. 72లో ఒకటి అంటే విడివిడిగా 72 కొంటే వచ్చి తీరుతుందని కాదు, అన్ని కొన్నాక కూడా రాకుండా పోయే అవకాశం మూడో వంతు పైనే. చైనాలో 2023లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు బ్లైండ్ బాక్సులు అమ్మకూడదని మార్గదర్శకాలు తెచ్చింది ఊరికే కాదు. నీకు ఆ వయసు దాటిపోయింది, ఆపేవాళ్లు లేరు, నువ్వే ఆగాలి.

అందుకే నచ్చిన బొమ్మ ఏదో ముందే తేల్చుకుని, ఎవరో విప్పి చూసి అమ్మేస్తున్నదాన్ని కొను. ఎక్కువమంది వెంటపడని బొమ్మలు షాపు ధరకే, ఒక్కోసారి ఇంకా తక్కువకే దొరుకుతాయి. సిరీస్ మొత్తం కావాలంటే సీలు తీయని 12 బాక్సుల సెట్టు తీసుకో, వాటిలో మామూలుగా రిపీట్లు ఉండవు. ఫ్రెండ్స్ నలుగురూ కలిసి సెట్టు కొని పంచుకుంటే ఇంకా మంచిది. సీక్రెట్ మీదే మనసు పడ్డావా, రీసేల్‌లో దాని రేటు చూడు. ఆ అంకె చూసి గుండె ఝల్లుమంటే వదిలెయ్యి, లేదంటే ఒక్కసారే ఇచ్చి తెచ్చుకో. షాపులో బాక్సు చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, నువ్వు ఆ గుంపులో చేరకు.

కొనే ముందు చేసినవాళ్ల గురించి కాస్త చదువు. పళ్లు బయటపెట్టి నవ్వే ఆ లబూబూ అంటే నీకు తెలిసింది కొరియా పాప్ బృందం బ్లాక్‌పింక్‌లోని లీసా బ్యాగుకు వేలాడిన బొమ్మ, 2024 సంగతి అది. దాన్ని గీసిన కాసింగ్ లుంగ్ హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగాడు. అక్కడ చదివిన నార్డిక్ కథల్లోని చిట్టి చిట్టి వింత జీవులే 2015లో అతని బొమ్మల కథల్లో లబూబూగా వచ్చాయి. పాప్ మార్ట్ చేతిలోకి వెళ్లింది 2019లో. అంతకుముందు హాంకాంగ్‌లో చిన్న కంపెనీ ఒకటి కొద్ది కొద్దిగా చేసేది, అభిమానులూ కొద్దిమందే. ఆర్టిస్టులు చేసే ఈ బొమ్మల రంగం మొదలైందే అలా. 1999లో హాంకాంగ్‌లోనే మైకేల్ లౌ అనే ఆర్టిస్టు 12 అంగుళాల సైనికుల బొమ్మలను మార్చి, వాటికి వీధి కుర్రాళ్ల బట్టలూ బూట్లూ స్కేట్‌బోర్డులూ ఇచ్చి ఎగ్జిబిషన్ పెట్టాడు. అదే ఏడాది అమెరికా ఆర్టిస్టు కాస్ తన కంపానియన్ బొమ్మను జపాన్‌లో చేయించాడు. 2001లో టోక్యో కంపెనీ మెడికామ్ టాయ్ బేర్‌బ్రిక్ తెచ్చింది. ఎలుగుబంటి ఆకారం ఎప్పుడూ ఒకటే, మారేది ఒంటి మీది డిజైనే. సైజులు శాతాల్లో చెప్తారు: 100 శాతం అంటే 7 సెంటీమీటర్లు, 400 అంటే 28, 1000 అంటే 70. వెయ్యి శాతానికి ఆర్డర్ పెట్టే ముందు గది కొలుచుకో. నాకైతే బేర్‌బ్రిక్ పెద్దగా ఎక్కలేదు, ఎంత ఖరీదైనా టీషర్టు మీద బొమ్మ మార్చినట్టే ఉంటుంది. నా ప్రాణం జపాన్ సోఫుబిలో, అంటే మెత్తని వినైల్ బొమ్మల్లో ఉంది. ద్రవంగా ఉన్న వినైల్‌ను లోహపు అచ్చులో పోసి, వేడి చేసి, వేడి మీదే పటకారుతో లాగి, ఆ తర్వాత రంగులు వేస్తారు. చిన్న చిన్న తయారీదారులు వాళ్లు, కొన్నిటిలో రంగు వేసిన చేయి తెలిసిపోతుంది. నీకు అలాగే ఒకటి దొరకాలి, ఒక ఆర్టిస్టో ఒక సిరీసో ఒక సైజో. అది తేలేదాకా నెలకొకటి చాలు.

ధర పెరుగుతుందని మాత్రం కొనకు. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో మనిషంత లబూబూ పది లక్షల యువాన్‌లకు పైగా పలికింది, పేపర్లన్నీ రాశాయి. అదే నెలలో కంపెనీ స్టాకు గట్టిగా వదలగానే మామూలు లబూబూల రీసేల్ రేట్లు ధబేల్‌మని పడ్డాయి. మళ్లీ అచ్చు వేయగలిగిన వస్తువు ధర కంపెనీ చేతిలో ఉంటుంది, నీ చేతిలో కాదు.

డూప్లికేట్ల గురించి ఒక్క మాట. ఒరిజినల్ లబూబూకు తొమ్మిది పళ్లు అంటారు, నిజమే, కానీ ఆ లెక్క నకిలీవాళ్లకూ తెలుసు. పళ్లు సరిపోయినంత మాత్రాన నమ్మకు, అతుకు దగ్గర కుట్టూ, రంగు అంచులూ, బాక్సు మీద అచ్చూ చూడు. షాపు ధరలో పావు వంతుకు ఎవరూ ఒరిజినల్ ఇవ్వరు. అన్నట్టు మీ అక్క పాప ఇంట్లో తిరుగుతుంటుంది కదా, 2025 ఆగస్టులో అమెరికాలో నకిలీ లబూబూల ముక్కలు ఊడి పిల్లల గొంతులో ఇరుక్కుంటాయని ప్రభుత్వమే హెచ్చరించింది. అసలువైనా ఇవి పసిపిల్లలు ఆడుకునే బొమ్మలు కావు. పై అరలో పెట్టు.

విదేశాల నుంచి తెప్పించేటప్పుడు టెన్షన్ అంతా కస్టమ్స్ దగ్గరే. బొమ్మల మీద డ్యూటీ 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. తర్వాతి బడ్జెట్లలోనూ లెక్కలు మారుతుంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టే రోజు రేటు చూసుకో. పైగా 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి, నీది పెద్దల బొమ్మే అయినా పార్సిల్ ఆపి ప్రశ్నలు అడగొచ్చు. సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో వచ్చే ఫ్రెండ్ సూట్‌కేసులో చోటు అడగడం తేలిక, బిల్లు మాత్రం వాళ్ల చేతిలో పెట్టించు.

ఇప్పుడు మీ గది. కిటికీ పక్కన అర ఎంత అందంగా ఉన్నా అక్కడ వద్దు, ఎండకు తెల్ల ప్లాస్టిక్ పసుపు తిరుగుతుంది, రంగులు వెలుస్తాయి. హైదరాబాద్ మే నెలలో మూసిన గదిలో సన్నకాళ్ల పీవీసీ ఫిగర్లు మెల్లగా ఒరిగిపోతాయి. కొన్నేళ్లకు పీవీసీ జిగటగా అవుతుంది, మెత్తదనం కోసం లోపల కలిపిన పదార్థం పైకి ఊరడం వల్ల. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి మెత్తని బ్రష్‌తో కడుగు, నీడలో ఆరబెట్టు. శానిటైజర్, నెయిల్ పాలిష్ రిమూవర్ రంగును ఎత్తేస్తాయి. ఒకదానికొకటి తగిలేలా ఇరికించకు, ముదురు రంగు పక్కదానికి అంటుకుంటే పోదు. బీరువాలో చీరలకు పెట్టే కలరా ఉండలు మీ అమ్మ ఇస్తుంది, వద్దను, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. సిలికా జెల్ పొట్లాలు చాలు.

ఈసారి విశాఖ వెళ్లేటప్పుడు ఎలమంచిలి దగ్గర దిగి ఏటికొప్పాక చూడు. అంకుడు కర్రను తిరిగే చట్రం మీద చెక్కి, అది తిరుగుతుండగానే లక్క రంగు పూస్తారు. నీ లబూబూ పక్కన ఆ లక్క బొమ్మ ఒకటి పెట్టుకో, చేసిన మనిషితో బేరమాడకుండా కొని తెచ్చుకున్నది.

ఆ మూడు రిపీట్లు ఈ వారమే అమ్మెయ్యి. ఖాళీ బాక్సులు పారేశావేమో చూసుకో, బాక్సు లేకపోతే ధర తగ్గిస్తారు. ఉన్నవి విప్పి, మడిచి, మంచం కింద పెట్టుకో. అమ్మగా వచ్చిన డబ్బు ఎంతో నాకు మెసేజ్ పెట్టు, బావగారికి నేను చెప్తాను.

మీ పిన్ని