మార్కులు వేసే ముందు

నెల్లూరు

అబ్బయ్యా,

కావలి నుంచి నువ్వు పంపిన సినిమా రివ్యూ పేజీలన్నీ చదివాను. మొదటి పేజీలోనే ‘నేను ఈ హీరోకి వీరాభిమానిని, అయినా నిష్పక్షపాతంగా రాస్తున్నాను’ అన్నావు. ఆ ‘అయినా’ ఎందుకు? అభిమాని ఒకే సినిమాని నాలుగుసార్లు చూస్తాడు. హీరో పాత సినిమాల్లో చొక్కా చేతులు ఎట్టా మడిచాడో కూడా గుర్తుపెట్టుకుంటాడు. విమర్శ రాసేవాడికి కావాల్సిన సరుకు అదే. నీ అభిమానంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా నీ రెండో పేజీతోనే.

అందులో ఏం రాశావో నువ్వే చూడు. ‘ఫస్టాఫ్ ఎంగేజింగ్‌గా సాగింది. సెకండాఫ్ ల్యాగ్. బీజీఎం (నేపథ్య సంగీతం) దుమ్ము లేపింది. కెమెరా పనితనం సినిమాకి ప్లస్. ఎడిటింగ్ ఇంకాస్త షార్ప్‌గా ఉండాల్సింది. నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి.’ ఈ మాటలు రాయడానికి థియేటర్‌కి వెళ్లక్కర్లేదు. పోయిన శుక్రవారం వచ్చిన సినిమాకీ అతుకుతాయి, వచ్చే శుక్రవారం రాబోయే దానికీ అతుకుతాయి. నీ తీర్పేందో తెలిసింది గానీ, నువ్వు ఏం చూశావో తెలియలేదు.

ఆ ‘సెకండాఫ్ ల్యాగ్’నే తీసుకో. ఐదో పేజీలో, మాటల మధ్యలో, ఒక సంగతి రాశావు. ఊరికి తిరిగి వెళ్లిపోవాలని హీరో నిర్ణయించుకున్నాక ఆ మాట మొదట స్నేహితుడికి చెప్తాడు, తర్వాత తల్లికి, ఆ తర్వాత హీరోయిన్‌కి. మూడుసార్లూ మనకు ముందే తెలిసిన విషయమే. వినేవాళ్లలో ఒక్కరూ అడ్డం చెప్పరు, ఒక్కరూ కొత్త మాట అనరు. ల్యాగ్ అంటే ఇదీ! ఆ సీన్లేమీ పొడుగువి కావు, ఒక్కోటి రెండు నిమిషాలు కూడా ఉండదు. పైగా నువ్వు ఎడిటర్‌ని తిట్టావు. ఆయన మాత్రం ఏం చేస్తాడు? తల్లి సీను కోస్తే సెకండాఫ్‌లో తల్లే కనపడదు. ఇది స్క్రిప్ట్ రాసుకున్నప్పుడే జరిగిన తప్పు. ఐదో పేజీలోని ఆ ముక్కని ముందుకు తెచ్చి, రెండో పేజీ మొత్తం కొట్టేశాను. ఎర్ర సిరా చూసి బాధపడకు.

ఎలివేషన్ల గురించి, అదే హీరోని ఆకాశానికెత్తి చూపించే సీన్ల గురించి, రాయడానికి మొహమాటపడ్డావు. పెద్ద విమర్శకులు వాటి పేరెత్తితేనే మొహం చిట్లిస్తారు, కాబట్టి నీకు అక్కడ పోటీయే లేదు. హీరో రాకముందు విలన్ మనుషులు ఆయన గురించి భయం భయంగా మాట్లాడుకోవడం, ముందు చెప్పులు, తర్వాత భుజం, ఆఖరికి మొహం చూపించడం, ఈ వరసంతా నీకు కంఠతా వచ్చు. ఒకచోట హాలు ఊగిపోయి ఇంకోచోట ఎందుకు చప్పగా ఉందో నువ్వే చెప్పగలవు. నీ ఇంటర్వెల్ సీను వర్ణన బాగుంది: హీరో మూడు అవమానాలు మింగుతాడు, నాలుగోసారి లేస్తాడు, మ్యూజిక్ మాత్రం ఆయన లేచాక కాస్త ఆగి మొదలవుతుంది. ఆ ఆగడంలోనే ఈలలన్నీ పడ్డాయని రాశావు చూడు, ‘బీజీఎం దుమ్ము లేపింది’ అన్న దానికన్నా అది ఎంత మేలో!

నాలుగో పేజీ నిండా వసూళ్ల లెక్కలే, షేర్లూ గ్రాసులే. ఏరియాల పట్టికలో నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ) అంటూ మొదలై ఆఖరి వరుసలో ఉండేది మన నెల్లూరే కాబట్టి ఆ అంకె మీద నీకున్న రోషం నాకు అర్థమవుతుంది. అమ్మిన టికెట్ల మొత్తం గ్రాస్ అనీ, జీఎస్టీ, థియేటర్ అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్ అనీ తేడా తెలుసుకుని రాశావు, సంతోషం. కానీ సినిమా బాగుందనడానికి అది సాక్ష్యం కాదు. అవతలి హీరో ఫ్యాన్స్‌కి జవాబు చెప్పాలనుంటే వేరే కాగితం మీద చెప్పుకో.

‘రివ్యూ అందరికన్నా ముందు రావాలంటే ఎట్టా’ అని అడిగావు. రాదు. మన దగ్గర పొద్దున ఆట పడకముందే అమెరికాలో ప్రీమియర్లు అయిపోతాయి. డల్లాస్‌లో కూర్చున్న కుర్రాడు నువ్వు పళ్లు తోముకునేలోపు ఐదుకి 2.75 మార్కులు ఇచ్చేసి ఉంటాడు. 2.75కీ 3కీ మధ్య పావు మార్కు దేనికి తగ్గిందో వాణ్ణి అడిగినా చెప్పలేడు. ఆ తొందర చూసి నిర్మాతలకు కడుపు మండటంలో వింత లేదు. 2024 డిసెంబర్‌లో తమిళ నిర్మాతలు, విడుదలైన మూడు రోజుల దాకా రివ్యూలు రాకుండా ఆపమని మద్రాసు హైకోర్టుకే వెళ్లారు. కోర్టు ఆపలేదు, ఆపకపోవడమే మంచిదయింది. నిన్ను ఎవరూ ఆపరు, నువ్వే ఆదివారం దాకా ఆగు. మన జమీన్ రైతు వారపత్రిక. అందులో సినిమా సమీక్షలు వారానికొకసారి వచ్చినా జనం ఎదురుచూసి చదివేవాళ్లు. పాత సంచికలు దొరికితే తిరగెయ్. రచయిత కొడవటిగంటి కుటుంబరావు సినిమాల మీద రాసినవీ చదువు. ఒప్పుకోకపోయినా పర్లేదు, నేనూ కొన్నిచోట్ల ఆయనతో ఒప్పుకోను.

మీ అమ్మ చూసే సీరియల్‌ని ఒకే వాక్యంలో తీసిపారేశావు. ‘ఒక్కొక్కరి మొహం మూడుసార్లు జూమ్ చేస్తారు, చెప్పిందే చెప్తారు’ అట. ఒకసారి టీవీకి వీపు పెట్టి కూర్చుని విను. వంటింట్లో పోపు పెడుతున్న మనిషికి కథ అందాలి కదా, అందుకే ప్రతి మాటా రెండుసార్లు వస్తుంది, అత్తకో మ్యూజిక్, కోడలికో మ్యూజిక్ ఉంటుంది. ‘ధన్’మని మోగితే స్టవ్ తగ్గించి హాల్లోకి వస్తారు. చెవికోసం కట్టిన దాన్ని కంటితో కొలిచి బాలేదన్నావు. బాగుందనమని కాదు, ఎవరికోసం ఎట్టా తయారైందో కనిపెట్టి, ఆ తర్వాత తిట్టు.

గేమ్స్ గురించి రాస్తే ఎవరన్నా పట్టించుకుంటారా అని సందేహపడ్డావు. తెలుగులో ఆ పని చేసేవాళ్లు చాలా తక్కువ, నిస్సంకోచంగా రాయి. డబ్బులు పెట్టి ఆడే రమ్మీ యాప్‌లని మాత్రం ఇందులో కలపకు, వాటి సంగతి పోలీసులు చూసుకుంటారు. ఫోన్లో ఆడే పబ్జీనే తీసుకో. 2020 సెప్టెంబర్‌లో మన దేశంలో నిషేధించారు, 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. వందమంది ఒక దీవి మీద దిగుతారు, వాళ్ల చుట్టూ వలయం కుంచించుకుపోతూ ఉంటుంది. ఆ వలయం లేకపోతే అందరూ తలో గడ్డివామి వెనకా దాక్కుని కూర్చుంటారు, ఆటే జరగదు. రచయిత సీను రాసి పాత్రల్ని ఒకచోటికి తెస్తే, ఇక్కడ ఆ పని ఆ వలయం గీత చేస్తోంది. గ్రాఫిక్స్ బాగున్నాయని రాసేకన్నా, ఆ గీత దగ్గరకొచ్చేటప్పుడు నీ బొటనవేలు ఏం చేసిందో, మైకులో నీ స్నేహితుడు ఏమని అరిచాడో రాయి.

ఇంకొకటి. చెన్నై మనకు హైదరాబాద్ కన్నా దగ్గర. తమిళ సినిమాని అక్కడ అరవంలోనూ ఇక్కడ డబ్బింగ్‌లోనూ చూసినవాళ్లు మన ఊళ్లలో బోలెడుమంది. ఒకే జోకుకి అక్కడ నవ్వు ఎక్కడ పడింది, ఇక్కడ ఎక్కడ పడలేదు అన్నది హైదరాబాద్ ప్రెస్ షోలో కూర్చున్నవాడికి దొరకదు. నీకు దొరుకుతుంది. వచ్చే నెల డబ్బింగ్ సినిమా ఏదైనా వస్తే దాని మీదే రాయి, రెండు పేజీలు మించకుండా.

ఈ కవర్లోనే నీ కాగితాలు తిప్పి పంపుతున్నాను. ఇంటర్వెల్ పేరా జోలికి పోకు, అది అట్టాగే ఉండాలి. చివర్లో వేసిన 3.25ని కొట్టేసి, సాఫు ప్రతి పంపు. నాకు తెలిసిన సంపాదకుడొకాయన ఉన్నాడు, ఆయనకు చూపిస్తాను. డబ్బులు మాత్రం ఇవ్వడు, ముందే చెప్తున్నాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు